మహిళా సంఘం కాపాడుకున్న ఇంటిని ప్రభుత్వానికి అప్పగించడం సరైనదేనా?

చర్చనీయాంశం: వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంటు ఉన్న క్యాపిటల్ భవనానికి కూతవేటు దూరంలో ఉన్న పాత ఇంటిని, స్త్రీల ఓటు హక్కు, సమాన హక్కుల కోసం పోరాడిన నేషనల్ వుమన్స్ పార్టీ 1929 నుంచి తన కేంద్రంగా నిలుపుకొంది. 2016లో అది బెల్మాంట్–పాల్ జాతీయ స్మారకమై, జాతీయ పార్కులను, స్మారకాలను చూసుకునే ప్రభుత్వ సంస్థ నేషనల్ పార్క్ సర్వీసు చేతికి వెళ్లింది. ఇది తగిన నిర్ణయమేనా?

మొదటి సభ్యురాలు: కాదనే నా అభిప్రాయం. ఆ సంఘం అంతకుముందున్న ఓల్డ్ బ్రిక్ క్యాపిటల్ అనే భవనాన్ని సుప్రీంకోర్టు కట్టడం కోసం స్వాధీనం చేసుకుని కూల్చింది ప్రభుత్వమే. ఆ తర్వాత సెనేట్ కార్యాలయాల విస్తరణ పేరుతో ఈ ఇంటిపైనా పలుమార్లు కన్ను వేసింది. అలాంటివారికే అప్పగించడం దొంగ చేతికి తాళాలిచ్చినట్లు కాదా?

రెండవ సభ్యుడు: మీ ఆవేదనలో న్యాయం ఉందండీ. అయితే ఆ కూల్చివేత నాటికి, ఈ ఇంటికి 1974లో దక్కిన జాతీయ చారిత్రక గుర్తింపు వంటి రక్షణ ఏదీ లేదు. ఆ గుర్తింపు వచ్చాకే, పక్కన హార్ట్ సెనేట్ కార్యాలయం లేచినా, ఈ ఎర్ర ఇటుకల ఇల్లు చెక్కుచెదరకుండా నిలిచింది. 1923లో అమెరికా రాజ్యాంగానికి స్త్రీపురుష సమాన హక్కుల సవరణను రూపొందించిన, ఆ పార్టీ నాయకురాలు ఆలిస్ పాల్ ఏళ్ల తరబడి నివసించిన గదులు, ఊదా, తెలుపు, బంగారు రంగుల ఉద్యమ పతాకాలు, తొలితరం ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు సూసన్ బి. ఆంథొనీ వాడిన రాతబల్ల ఇంకా అక్కడ ఉన్నాయంటే, ఒక తరం తర్వాత మరొక తరం స్త్రీలు పట్టు విడవకపోవడమే కారణం. కానీ పట్టుదల ఒక్కటే పైకప్పు మరమ్మతు చేయించలేదు; రెండు శతాబ్దాలు దాటిన కట్టడానికి ఏటేటా డబ్బు కావాలి. పైగా ఆ పార్టీ 2021 జనవరి 1 నుంచి స్వతంత్ర సంస్థగా తన కార్యకలాపాలు ముగించింది. ఆ రోజు నాటికి ఇల్లు ఇంకా దాని పేరిటే ఉండి ఉంటే ఎవరి పాలయ్యేదో ఆలోచించండి. ఓపిక ఉండగానే అప్పగించారు కనుకనే, సంఘం ముగిసినా ఇల్లు మిగిలింది.

మొదటి సభ్యురాలు: 2021 నాటి సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు, ఆ మేరకు ఒప్పుకుంటాను. అయినా ఆ ఇంటిని సంఘం నిలుపుకొన్నది సందర్శకులకు చూపడానికి కాదు, స్త్రీలు కూర్చుని చట్టాల గురించి వాదించడానికి. ఇలా అప్పగించే ప్రతి ఒప్పందంలోనూ మహిళా సంఘాలు అక్కడే సమావేశమయ్యే హక్కును రాతపూర్వకంగా ఉంచాలని నా పట్టు.

రెండవ సభ్యుడు: ఆ షరతుకు నేనూ పూర్తిగా కట్టుబడతాను.