.35 వీలన్‌లో .357 పిస్టల్ బుల్లెట్లు వేసి జింకని కొట్టొచ్చా?

కొత్తచేయి_డాలస్:
అన్నలందరికీ నమస్కారం. పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో .35 వీలన్ రైఫిల్ కొన్నాను. రైఫిల్ బాగుంది, ఇబ్బందల్లా బుల్లెట్లతోనే. 200, 225, 250 గ్రైన్ల (గ్రైన్ అంటే బరువు కొలత) బుల్లెట్లు షాపుల్లో దొరకడమే కష్టం, దొరికినా ధర చూశాక కొనబుద్ధి కావట్లేదు. ఇంట్లో .357 మాగ్నం రివాల్వర్ కోసం కొన్న 158 గ్రైన్ల జాకెట్ హాలో పాయింట్లు (రాగి తొడుగుండి, కొన గుంటగా ఉండే బుల్లెట్లు) ఐదు వందల దాకా ఉన్నాయి. రైఫిల్ బుల్లెట్ వ్యాసం .358 అంగుళం, వీటిది .357, అంటే అంగుళంలో వెయ్యో వంతు తేడా. వీటినే ఖాళీ కేసుల్లో (తూటా ఇత్తడి గొట్టాల్లో) మందుతో పెట్టి రీలోడ్ చేసుకుని నవంబర్‌లో తెల్లతోక జింక వేటకి తీసుకెళ్లొచ్చా? రేంజ్‌లో ఒకాయన నిక్షేపంగా వెళ్లమన్నాడు, ఇంకొకాయన వద్దే వద్దన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక ఇక్కడ అడుగుతున్నాను.

పాతరైఫిల్_హ్యూస్టన్:
తమ్ముడూ, వద్దు. నువ్వు వ్యాసం చూస్తున్నావు, చూడాల్సింది వేగం. ఆ 158 బుల్లెట్‌ని రివాల్వర్ వేగానికి తయారు చేశారు, అంటే సెకనుకు 1,200 అడుగులు, కొంచెం అటూ ఇటూ. ఆ వేగంలో తగిలితే విచ్చుకోవాలని రాగి జాకెట్ పలచగా, లోపలి సీసం మెత్తగా పెడతారు. వీలన్ అంటే .30-06 రైఫిల్ తూటా కేస్ మెడని వెడల్పు చేసి చేసింది, దాని నిండా తుపాకి మందు పోసి అంత తేలిక బుల్లెట్ పెడితే 2,700 దాటుతుంది. వేగం రెట్టింపు దాటిందంటే శక్తి నాలుగు రెట్లు దాటినట్టు. దానికి తోడు బ్యారెల్ గాడులు బుల్లెట్‌కి ఇచ్చే తిరుగుడు. స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ బ్యారెల్‌లో 18.75 అంగుళాలకి ఒక చుట్టు, నీ వీలన్‌లో మామూలుగా 16కి ఒకటి. లెక్క కట్టు, నిమిషానికి 46 వేల చుట్లు తిరగాల్సిన బుల్లెట్ లక్షా ఇరవై వేలు తిరుగుతుంది. అది జింక భుజం ఎముకకి తగిలితే రెండు మూడు అంగుళాల్లోనే ముక్కలైపోవచ్చు. పైన పళ్లెమంత గాయం, లోపల ఊపిరితిత్తుల దాకా ఏమీ వెళ్లదు. జంతువు పరిగెత్తుతుంది, నువ్వు రాత్రంతా టార్చ్ పట్టుకుని వెతుకుతావు.

ఇది కొత్త గొడవ కూడా కాదు. 1964లో .444 మార్లిన్ 240 గ్రైన్ల బుల్లెట్‌తో వచ్చింది, .44 మాగ్నం పిస్టల్‌కి వాడే బరువే, వ్యాసమూ అదే. పెద్ద జంతువుల మీద లోతుకి వెళ్లట్లేదని వేటగాళ్లు మొత్తుకున్నారు, తర్వాత హోర్నడీ వాళ్లు ఆ రైఫిల్ కోసమే 265 గ్రైన్లది గట్టిగా చేశారు.

బ్రజోస్_ఒడ్డు:
పాతరైఫిల్ గారూ, మీ లెక్కలో తప్పు లేదు కానీ ‘వద్దు’ అని ఒక్క ముక్కలో తేల్చేయడం ఒప్పుకోను. ఫుల్ లోడ్ (నిండా మందు) వేస్తేనే కదా 2,700? ఎవరు వేయమన్నారు? .357 మాగ్నం లివర్ యాక్షన్ కార్బైన్‌లో (పొట్టి రైఫిల్‌లో) ఇవే 158లు 1,700, 1,800 దాకా వెళ్తాయి, వాటితో ఏటా ఎంతమంది జింకల్ని కొడుతున్నారో మీకూ తెలుసు. వీలన్‌ని ఆ వేగానికి దించితే ఆ బుల్లెట్‌కి ఇది వీలనో కార్బైనో ఏం తెలుస్తుంది? నేను 180 గ్రైన్ల పిస్టల్ బుల్లెట్లు, జాకెట్ కాస్త దళసరివి, నెమ్మది లోడ్‌తో వేసి వేటకి అద్దెకి తీసుకున్న మా లీజు స్థలంలో అరవై గజాల లోపు పందుల్ని కొడుతున్నాను. మేత పెట్టే చోట, పక్కకి తిరిగి నిలబడిన పంది, ముందు కాలి వెనక. అంతే, వేరే షాట్ తీసుకోను. భుజం నొప్పి లేదు, మాంసం పాడవలేదు. రోజంతా పేల్చినా ఖర్చు తెలియదు, ప్రాక్టీస్ అలాగే పెరిగింది, సీజన్‌కి ముందు నాలుగు ఖరీదైన తూటాలు పేల్చి అడవికి వెళ్లేవాడికన్నా నేను గురి బాగా కొడతాను.

పాతరైఫిల్_హ్యూస్టన్:
ప్రాక్టీస్ మాట నూటికి నూరు పాళ్లు నిజం, అందులో మీతో వాదన లేదు. నెమ్మది లోడ్ గురించే నా భయమంతా, ఎందుకంటే అడిగింది కొత్తవాడు. ఆ కేస్‌లో అరవై గ్రైన్లకి దగ్గర మందు పడుతుంది. ఫాస్ట్ పిస్టల్ పౌడర్ అందులో పోస్తే అడుగున కనిపించీ కనిపించనట్టు ఉంటుంది, మర్చిపోయి రెండోసారి పోసినా, మూడోసారి పోసినా పొంగదు, కంటికి తెలియదు. రైఫిల్ పగిలేది అక్కడే. పోనీ నెమ్మదిగా కాలే రైఫిల్ పౌడర్‌నే తగ్గించి వేద్దామంటే అదీ ప్రమాదమే, సగం ఖాళీ కేస్‌లో అలాంటి మందు ఒక్కోసారి ప్రెషర్‌ని ఉన్నట్టుండి ఎగదోస్తుంది. మరీ తక్కువైతే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది, చూసుకోకుండా రెండోది పేల్చావా, బ్యారెల్ పోతుంది, నీ ముఖం కూడా పోవచ్చు. అందుకే తమ్ముడూ, అచ్చయిన లోడ్ పుస్తకంలో ఆ బుల్లెట్ బరువుకి, ఆ పౌడర్‌కి లెక్క ఉంటేనే చెయ్యి. ఎవరో చెప్పారని, నేను చెప్పినా సరే, నెట్‌లో చూసిన అంకె వేయకు. ప్రతి కేస్‌లోకి లైటు వేసి చూశాకే బుల్లెట్ పెట్టు.

ఇంకోటి, నువ్వు చిన్నదనుకున్న ఆ వెయ్యో వంతు. నీ డై (కేస్‌ని సరిచేసే అచ్చు) లోపల కేస్ మెడని తెరిచే ముక్క .358 బుల్లెట్ కోసం చేసింది. .357 బుల్లెట్ అందులో వదులుగా కూర్చోవచ్చు. మ్యాగజైన్‌లో ఉన్న తూటాలో బుల్లెట్ ప్రతి రీకాయిల్‌కి కొంచెం కొంచెం కేస్ లోపలికి దిగుతుంది. వేలితో నొక్కి చూడు, కదిలితే పక్కన పెట్టెయ్.

సీసం_పోతపని:
జాకెట్ బుల్లెట్ల మీదే కొట్టుకుంటున్నారు. సీసం పోత బుల్లెట్లు .358 సైజులోనే వస్తాయి, మీ వెయ్యో వంతు గొడవ అక్కడితో పోతుంది. గట్టి మిశ్రమంతో 200 గ్రైన్లది పోసుకుని, కింద రాగి గ్యాస్ చెక్ (బుల్లెట్ అడుగుకి తొడిగే చిన్న మూత) తొడిగి, ముక్కు బల్లపరుపుగా ఉంచి 1,800 అడుగుల దగ్గర నడిపితే అది పగలదు, జింకలోంచి అవతలికి వెళ్లిపోతుంది. నేను పాత .35 రెమింగ్టన్‌లో, గొట్టం మ్యాగజైన్‌ది (తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉండేది), ఇలాగే వేస్తాను, వేగం ఇంకాస్త తక్కువ. అలాంటి రైఫిల్‌లో కొన సూదిగా ఉన్న గట్టి బుల్లెట్లు ప్రమాదం, ముందు తూటా ప్రైమర్‌కి (అడుగున ఉండే, కొడితే మండే బిళ్లకి) కొన తగులుతుంది, బల్లపరుపు ముక్కుకి ఆ బాధ లేదు. పోత పని గాలి ఆడే చోట చేసుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

హైదరాబాద్_నుంచి:
నేను వేటగాణ్ణి కాదు, ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద వేట నిషేధం. రైఫిల్ షూటింగ్ ఇష్టం కాబట్టి చదువుతున్నాను. మా తాతయ్య ఆ చట్టానికి ముందు వేటాడిన మనిషి. ఎన్ని కథలు చెప్పినా చివరికి ఒక దుప్పి దగ్గర ఆగేవాడు. తగిలింది, పడలేదు, నెత్తుటి చుక్కలు పట్టుకుని వాగు దాకా వెళ్తే అక్కడ ఆనవాలు పోయిందట. అది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారిపోయేది. కొత్తచేయి గారూ, డబ్బు మిగులుతుందనే లెక్కలో దీన్ని కూడా కలుపుకోండి.

బ్రజోస్_ఒడ్డు:
తాతయ్య గారి మాట కాదనను. అరవై గజాలు, పక్క షాట్ అని నేను గిరి గీసుకున్నది కూడా అందుకే. ఒకటి ఒప్పుకుంటాను, నా 180ల సంగతి నువ్వు అడిగిన 158 హాలో పాయింట్‌కి వర్తించదు. రెంటి జాకెట్లూ ఒకటి కాదు. నేను కూడా హాలో పాయింట్‌తో జింక మీదకి వెళ్లను.

కొత్తచేయి_డాలస్:
అందరికీ థాంక్స్ అన్నా. నిన్న రాత్రి డై విప్పి కొలిచాను, తెరిచే ముక్క .3565 ఉంది. పేలుడు మందు లేకుండా డమ్మీ తూటా చేసి బల్లకి ఆనించి నొక్కితే బుల్లెట్ లోపలికి జారింది, పాతరైఫిల్ అన్న చెప్పినట్టే. 158లు మళ్లీ రివాల్వర్ డబ్బాలోకి పోయాయి. జింకకి ఒకే ఒక్క పెట్టె 225లు కొంటున్నాను. రైఫిల్ ప్రాక్టీస్‌కి పోత బుల్లెట్లు వేస్తాను. సీసం అన్నా, మీ 200 గ్రైన్ల అచ్చు ఏ కంపెనీదో, .358కి సైజు చేశాక మీ రైఫిల్‌లో వంద గజాలకి దెబ్బలు ఎన్ని అంగుళాల గుంపులో పడుతున్నాయో చెప్తారా?