ఎల్‌సీఎస్ 102 యుద్ధనౌక లాగ్ పుస్తకాలు ఎలా తెప్పించుకోవాలి?

నమస్కారం. కాలిఫోర్నియాలోని మేర్ ఐలండ్‌లో ఉన్న ఎల్‌సీఎస్ 102 నౌకను మొన్న మా అబ్బాయికి చూపించాను. తీరంలో దిగే సైనికులకు దగ్గర నుంచి కాల్పులతో అండగా నిలవడానికి రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా కట్టిన ఇలాంటి 130 నౌకల్లో మిగిలింది ఇదొక్కటే! 40 మిల్లీమీటర్ల జంట ఫిరంగి గొట్టాన్ని నిమురుతూ, "ఇది ఎవరిని కాపాడింది నాన్నా?" అన్నాడు వాడు. 1945లో జపాన్ దీవి ఒకినావాలో పోరాడిందని, తర్వాత జపాన్‌లో హిమవారి అనే పేరుతో, థాయిలాండ్‌లో నఖా అనే పేరుతో పనిచేసి 2007లో తిరిగి వచ్చిందని చెప్పాను. వాడికి అది సరిపోలేదు, నాకూ సరిపోలేదు.

ఒకినావాలో ఏ రోజు ఎక్కడ ఉందో లాగ్ పుస్తకాల్లోనే, అంటే నౌకలో రోజూ రాసే నమోదు పుస్తకాల్లోనే చూడాలి. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ నుంచి వాటి నకళ్లు తెప్పించుకున్నవారు ఎవరైనా ఉన్నారా? దరఖాస్తులో నౌక సంఖ్య, నెల రాస్తే చాలా? థాయ్ కాలపు కాగితాలు చదివి చెప్పగలవారు ఉంటే దయచేసి రాయండి.