ఫ్లూగెల్స్ కప్పులు ఎవరి ఖాతాలో వేయాలి? (ఎఫ్. మారినోస్ / యొకొహామా ఎఫ్‌సీ)

గోల్‌కిక్:
జపాన్ ఫుట్‌బాల్ క్లబ్బుల ట్రోఫీల పట్టిక సవరిస్తున్నాను. యొకొహామా ఫ్లూగెల్స్ గెలిచినవి నాలుగు: 1993, 1998 సీజన్ల ఎంపరర్స్ కప్పులు (జపాన్ జాతీయ నాకౌట్ పోటీ), 1994–95 ఆసియా కప్ విన్నర్స్ కప్, 1995 ఆసియా సూపర్ కప్. ఆ క్లబ్ 1999లో మారినోస్‌లో కలిసిపోయింది కాబట్టి నాలుగూ ఎఫ్. మారినోస్ వరుసలో వేశాను. అభ్యంతరాలుంటే చెప్పండి.

మిత్సుజావా మెట్లు:
ఉంది. మారినోస్ వాళ్ళే వేసుకోని కప్పులు మీరెలా వేస్తారు? వాళ్ళ లెక్కలో ఎంపరర్స్ కప్పులు ఏడు. నిస్సాన్ కంపెనీ జట్టుగా ఆడిన కాలం నుంచి 1992 సీజన్ దాకా ఆరు, 2013లో ఒకటి. మీ పట్టిక ప్రకారం తొమ్మిది అవుతాయి. ఆ క్లబ్ తొమ్మిది అని ఎక్కడా చెప్పుకోదు. వాటిని యొకొహామా ఎఫ్‌సీ వరుసలోకి మార్చండి. ఫ్లూగెల్స్ మూతపడకూడదని వీధుల్లో సంతకాలు సేకరించినవాళ్ళు, చందాలు వేసుకుని కట్టుకున్న క్లబ్ అది. దాన్ని నడిపే కంపెనీకి పెట్టుకున్న పేరే యొకొహామా ఫ్లీ స్పోర్ట్స్ క్లబ్. ఫ్లీ అంటే ఫ్లూగెల్స్‌ని అభిమానులు పిలుచుకున్న ముద్దుపేరు. చిహ్నం మీద ఉన్నది బూడిదలోంచి లేచే పక్షి. ఇంకేం కావాలి?

త్రివర్ణం:
మరి మా పేరులో ‘ఎఫ్’ దేనికి ఉన్నట్టు?

కార్నర్ ఫ్లాగ్:
‘ఎఫ్’ అంటే ఫుట్‌బాల్ అనుకున్నాను ఇన్నాళ్ళూ.

గోల్‌కిక్:
కాదు, ఫ్లూగెల్స్‌దే. జర్మన్‌లో ఫ్లూగెల్ అంటే రెక్క. యజమాని విమానయాన సంస్థ కదా.

మెట్లు గారూ, పక్షి బొమ్మతో వారసత్వం రాదు. వరసగా చూద్దాం. కంపెనీ: మిగిలింది మారినోస్ కంపెనీ. లీగ్ సభ్యత్వం: యొకొహామాకి ఉన్న రెండు జె.లీగ్ (జపాన్ ప్రొఫెషనల్ లీగ్) స్థానాలు ఒకటయ్యాయి, ఆ ఒక్కటీ మారినోస్ దగ్గరే ఉంది. ఆటగాళ్ళు: మియురా అత్సుహిరో, హాతో, యొషిదా ఎఫ్. మారినోస్‌కి వెళ్ళారు. నరజాకి, యమాగుచి నగోయాకి, అప్పటికి కుర్రాడైన ఎండో క్యోటోకి. యొకొహామా ఎఫ్‌సీ మాత్రం 1999లో, అప్పుడే మొదలైన మూడో అంచె లీగ్ జె.ఎఫ్.ఎల్‌లో ఆట మొదలుపెట్టింది. 1994 జనవరిలో ఎత్తిన కప్పును 1999లో పుట్టిన క్లబ్ వరుసలో ఎలా వేయమంటారు?

మిత్సుజావా మెట్లు:
కొత్త క్లబ్ అయితే జిల్లా స్థాయి లీగ్ నుంచి మొదలుపెట్టాలి. అదీ అక్కడి పద్ధతి. దీన్ని కింది మెట్లన్నీ దాటించి నేరుగా జె.ఎఫ్.ఎల్‌లోకి ఎందుకు తీసుకున్నారు? ఊరూ పేరూ లేని కొత్త జట్టుకి ఆ మినహాయింపు దొరుకుతుందా? అక్కడ 1999, 2000 రెండేళ్ళూ మొదటి స్థానం, 2001లో జె2 (జె.లీగ్ రెండో అంచె). తొలి కోచ్ జర్మనీ మాజీ ఆటగాడు లిట్‌బార్‌స్కీ. ఫ్లూగెల్స్ ఆడిన మిత్సుజావా మైదానమే ఇల్లు. కాగితాల మీద పేరున్నవాడు కాదు గోల్‌కిక్ గారూ, తలకొరివి పెట్టినవాడు వారసుడు.

త్రివర్ణం:
మినహాయింపు ఇచ్చారు, నిజమే. దాంతోపాటు రికార్డులు ఇవ్వలేదు. లీగ్ లెక్కల్లో ఫ్లూగెల్స్ ఇప్పటికీ విడి క్లబ్బే. యొకొహామా ఎఫ్‌సీ కూడా ఆ కప్పులు తనవని చెప్పుకోదు. తలకొరివి పెట్టినవాళ్ళే ఇంటిపేరు మార్చుకున్నాక మనకెందుకు పట్టుదల? పైగా బార్సిలోనా తరహాలో సభ్యులదే క్లబ్ అని మొదలుపెట్టి, చివరికి దాన్నీ ఒక క్యాటరింగ్ కంపెనీ చేతిలోనే పెట్టారు. 2005లో స్టార్ ఫార్వర్డ్ కజు మియురా వచ్చాక అందరూ కజు క్లబ్ అన్నారు తప్ప ఫ్లూగెల్స్ అన్నవాడు లేడు. కాస్త చదువుకుని రా తమ్ముడూ.

మిత్సుజావా మెట్లు:
తమ్ముడూ అనకండి. పోయినసారి 2007 మార్చిలో మిత్సుజావాలో మారినోస్ మీద యొకొహామా ఎఫ్‌సీ 1–0 గెలుపు గురించి వివరంగా రాస్తే, మీరు “ఆగస్టులో 8–1” అని ఒక్క ముక్క రాసి వెళ్ళిపోయారు. ఇప్పుడూ అంతే. ఓడిపోయినవాళ్ళ గురించి మీకు స్కోరు తప్ప ఇంకేం కనబడదు.

త్రివర్ణం:
8–1 జరగలేదా?

అరటిపువ్వు:
ఇద్దరూ డెర్బీని పక్కన పెట్టండి. ఫ్లూగెల్స్ సొంత మ్యాచ్‌లు కొన్ని దక్షిణాన ఉన్న క్యుషు దీవిలో, కగొషిమా, నాగసాకి, కుమమోతో వైపు కూడా ఆడేది. అక్కడి అభిమానుల మాటేమిటి మరి?

మిత్సుజావా మెట్లు:
అది వేరే చర్చ. త్రివర్ణం గారూ, సూటిగా చెబుతాను. నా గొడవ నాలుగు కప్పుల గురించి కాదు. మొదటి పోస్టులో ‘కలిసిపోయింది’ అన్న మాట ఉంది చూడండి, దాని గురించి. 1998 అక్టోబరు 29న విలీనం అని ప్రకటించారు. సాతో కోగ్యో అనే నిర్మాణ కంపెనీ డబ్బు లేక తప్పుకుంది. ఆల్ నిప్పన్ ఎయిర్‌వేస్ ఒంటరిగా మోయలేనంది. ఆటగాళ్ళని అడగలేదు, జనాన్ని అడగలేదు. ఓడితే అదే ఆఖరి మ్యాచ్ అని తెలిసి ఆ జట్టు ఎంపరర్స్ కప్ ఆడింది. క్వార్టర్‌ఫైనల్లో జుబిలో ఇవాతా, సెమీస్‌లో ఆ ఏడాది లీగ్ ఛాంపియన్ కషిమా, 1999 జనవరి 1న ఫైనల్లో షిమిజు. ముందు ఒక గోల్ ఇచ్చి, కుబొయామా సమం చేసి, యొషిదా గెలిపించి 2–1. కప్పు ఎత్తిన మర్నాటి నుంచి ఆడటానికి క్లబ్ లేదు. దీన్ని ‘కలిసింది’ అంటే ఎవరూ ఏమీ పోగొట్టుకోనట్టు ఉంటుంది. మూసేశారు అని రాయండి. కప్పులు ఎక్కడ వేసినా తరవాత మాట.

త్రివర్ణం:
ఈ మాట మొదటే అని ఉంటే ఇంత దూరం రాదు. మూసేశారు అన్నది నిజమే, ఒప్పుకుంటాను. అయితే మా వైపూ ఒకటి ఉంది. పేరు మార్చేటప్పుడు మారినోస్ అభిమానులనూ ఎవరూ అడగలేదు. ‘ఎఫ్’ని దొంగసొత్తులా చూపిస్తారు మీరంతా. అది లేకపోతే అగ్ర లీగ్‌లో ఆ క్లబ్ గుర్తు ఒక్క అక్షరం కూడా మిగిలేది కాదు. 2003, 2004, 2013, 2019, 2022 లీగ్ టైటిళ్ళు అన్నిటి మీదా ఆ అక్షరం ఉంది.

మిత్సుజావా మెట్లు:
అక్షరం మిగిల్చి జట్టును తీసేయడమే కదా నేను అంటున్నది.

పాతబంతి:
ఆలస్యంగా చూశాను. మీరిద్దరూ 1998 దగ్గరే నిలబడిపోయారు. ఈ క్లబ్ మొదలైంది 1964లో, యొకొహామా నగరంలోని నకా వార్డు పిల్లల ఫుట్‌బాల్ జట్టుగా. విమాన సంస్థ డబ్బు తరవాత వచ్చింది. అప్పుడు పెట్టిన పేరు ట్రైస్టార్, ఆ సంస్థ నడిపిన లాక్‌హీడ్ విమానం పేరు. ఆపైన జట్టుకి సంస్థ పేరే తగిలించారు. 1986 మార్చిలో ఒక లీగ్ మ్యాచ్‌కి, క్లబ్ తమ చేతుల్లోంచి జారిపోతోందని ఆరుగురు ఆటగాళ్ళు మైదానంలోకి దిగలేదు. జట్టు ఎనిమిది మందితో ఆడింది. ఆ ఆరుగురిపై నిరవధిక సస్పెన్షన్ పడింది. అంటే ఫ్లూగెల్స్ అన్న పేరు పుట్టకముందే ఊరివాళ్ళ క్లబ్బును ఒకసారి కంపెనీ తీసుకుంది. 1998లో అదే కంపెనీ వదిలేసింది. 1993లో జె.లీగ్ మొదలైనప్పుడు జట్ల పేర్లలో కంపెనీ పేర్లు వద్దు, ఊరి పేరు ఉండాలి అన్నారు. పేరు మార్చినంత తేలిగ్గా యాజమాన్యం మారలేదు.

కార్నర్ ఫ్లాగ్:
1986 సంగతి ఇప్పుడే వింటున్నా. ఎనిమిది మందితోనా!

మిత్సుజావా మెట్లు:
పాతబంతి గారూ, ఇది తెలిసి ఉంటే నేను కంపెనీ రిజిస్ట్రేషన్ మీద వాదనే పెట్టుకునేవాణ్ణి కాదు.

త్రివర్ణం:
నాకు మాత్రం దీనివల్ల నా మాటే బలపడింది. ఆ లెక్కన ఫ్లూగెల్స్ కూడా అసలు క్లబ్ కాదు, వారసుడే. 1964 పిల్లల జట్టు వరుస ఎక్కడ వేస్తారు?

గోల్‌కిక్:
సరే, ఇలా మారుస్తున్నాను. ఫ్లూగెల్స్‌కి విడి వరుస. నాలుగు కప్పులూ అందులోనే. ఎఫ్. మారినోస్ ఎంపరర్స్ కప్పులు మళ్ళీ ఏడు. యొకొహామా ఎఫ్‌సీ వరుసలో 2006 జె2 టైటిల్ ఉంటుంది. ‘కలిసిపోయింది’ తీసేసి “మూసివేత, మారినోస్‌తో విలీనం పేరిట” అని పెట్టాను. ఆరంభం 1964 అని వేస్తున్నాను.

త్రివర్ణం:
1964 వేస్తే ఒప్పుకోను. ఆ జట్టు ఆడినది ఫ్లూగెల్స్ పేరుతో కాదు. జె.లీగ్ పేరు వచ్చినప్పటి నుంచే వేయాలి.

మిత్సుజావా మెట్లు:
అలా అయితే మారినోస్ వరుసలో నిస్సాన్ కాలపు కప్పులు కూడా తీసేయాలి గోల్‌కిక్ గారూ. వాళ్ళకి 1972 నుంచి లెక్క, వీళ్ళకి జె.లీగ్ నుంచా?

గోల్‌కిక్:
ఆ మాట న్యాయమే. 1964 అలాగే ఉంచుతున్నాను. రాత్రికి పట్టిక పెడతాను, చూసి చెప్పండి.