అండర్-16 సెలక్షన్స్‌కి పుట్టిన తేదీ తేడా ఉంటే ఎలా?

మాది అనంతపురం. మావాడికి 14 ఏళ్లు, లెగ్ స్పిన్ వేస్తాడు. 2024 సెప్టెంబర్‌లో ఇక్కడి ఆర్డీటీ స్టేడియంలో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లో ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్ సెంచరీ చూసొచ్చినప్పటి నుంచి వాడికి ఆంధ్ర రంజీ జట్టే లోకం. 2023లో రంజీ మ్యాచ్‌లో అప్పటి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి విరిగిన మణికట్టుతో ఎడమచేతి వాటంగా, ఒంటిచేత్తో ఆడిన కథ అన్నం తినేటప్పుడు కూడా చెబుతాడు. చదువు సంగతి మాత్రం అడక్కండి!

ఇప్పుడు జిల్లా అండర్-16 సెలక్షన్స్‌కి పంపాలి. చిక్కేమిటంటే, జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకొకటి. నాలుగు నెలల తేడా. స్కూల్లో చేర్చే తొందరలో మేమే అలా వేయించాం. వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీస్తారని తెలుసు, దాని గురించి భయం లేదు. టెన్షన్ అంతా ఈ కాగితాలతోనే. ముందు ఆధార్ సరిచేయించాలా, జనన ధ్రువపత్రం చూపిస్తే సరిపోతుందా? పిల్లల్ని పంపినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.