లంకల్లో సాహస సీరియల్: సైన్సుని ఎంతవరకు వంచొచ్చు?

స్క్రిప్టు_గది:

అందరికీ నమస్కారమండి. కోనసీమ లంకల్లో జరిగే ఎనిమిది ఎపిసోడ్ల సాహస సీరియల్ రాస్తున్నాం. హీరోయిన్ పాలిటెక్నిక్ లెక్చరరు. తుపాకీ పట్టదు, చేతికందిన సామానుతోనే గండం గట్టెక్కిస్తుంది. నాలుగు సీన్ల దగ్గర టీములో పంచాయితీ నడుస్తోంది.

విలన్ ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు పేల్చేస్తే పది నిమిషాల్లో లంక మునిగిపోవడం ఒకటి. గ్యాస్ బావి బ్లోఅవుట్ అయితే (అంటే గ్యాస్ అదుపు తప్పి పైకి ఎగదన్నితే) హీరోయిన్ తెల్లారేలోగా మంట ఆర్పేయడం ఇంకొకటి. మూడోది, వరదలో పిల్లాడిని పాము కరిస్తే నోటితో విషం లాగి, ఆ పాముని కూడా పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తడం. చివరిది, తూటికాడ నోట్లో పెట్టుకుని రెండు మీటర్ల నీటి అడుగున దాక్కోవడం.

డైరెక్టరు గారేమో "చూసేవాళ్లు లెక్కలు కట్టరు, ఊపిరి బిగబట్టి చూడాలంతే" అంటున్నారు. తప్పయితే తప్పని చెప్పడంతో సరిపెట్టకుండా, దాని బదులు ఏం రాస్తే అంతే ఉత్కంఠ ఉంటుందో కూడా చెప్పండి.

ఏటిగట్టు:

బ్యారేజీ సీను కోనసీమలో ఎవరూ నమ్మరండి. అది నీళ్లు దాచే డ్యామ్ కాదు. నిండా ఉన్నా అక్కడ నిలవుండేది సుమారు 3 టీఎంసీలు. మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర ఇస్తారు, అప్పటికే దాదాపు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటుంది. ఆ ప్రవాహంలో 3 టీఎంసీలంటే 50 నిమిషాల నీళ్లు. పైగా ఆపాటికి 175 గేట్లూ పూర్తిగా ఎత్తేసి ఉంటారు. నీటికి అడ్డంలేని గేటుని పేల్చి విలన్ సాధించేదేముంది?

లంకల్లో వరద గోడలా విరుచుకుపడదు. ముందు కాజ్‌వేలు మునుగుతాయి, తర్వాత అరటి తోటలు, ఆ తర్వాత ఇళ్ల అరుగులు. రెండో హెచ్చరిక 13.75, మూడోది 17.75 అడుగులు. భద్రాచలం మట్టం వినగానే కింద ఎంత టైముందో జనం చెప్పేస్తారు. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది, 2022 జులైలో 25 లక్షలు దాటింది. ఆ రెండూ చూసినవాళ్లే మీ ప్రేక్షకులు.

మీకు కావలసిన సీను ఏటిగట్టు మీద ఉంది. వరద రెండు మూడు రోజులు నిలిస్తే గట్టు నానుతుంది. ఎలుక బొరియ గుండానో, అడుగునున్న ఇసుక పొర గుండానో నీరు దారి చేసుకుని ఊరి వైపు బుంగలా పొంగుతుంది. అక్కడ చూడాల్సింది నీటి రంగు. తేటగా వస్తే కాపలా పెడితే చాలు. మట్టి రంగులో వచ్చి, చుట్టూ ఇసుక గుట్టగా పేరుతోందంటే గట్టు లోపల్నుంచి కొట్టుకుపోతోందన్నమాట.

కొత్తవాళ్లు పరిగెత్తుకెళ్లి ఆ బుంగలోనే బస్తాలు కుక్కేస్తారు. ఒత్తిడి ఎక్కడికీ పోదు కాబట్టి నీరు నాలుగడుగుల అవతల ఇంకోచోట పొడుచుకొస్తుంది, ఈసారి ఇంకా గట్టిగా. సరైన పద్ధతేంటంటే బుంగకి ఓ మీటరు ఎడంగా చుట్టూ ఇసుక బస్తాలతో బావి ఒరలా కట్టాలి. బస్తా నిండా నింపకూడదు, సగానికి కొంచెం పైన చాలు. నిండు బస్తాలు ఒకదాని మీద ఒకటి సర్దుకోవు, సందుల్లోంచి నీరు కారుతుంది. ఇటుకల మాదిరి వరస మార్చి పేర్చాలి. లోపల నీటి మట్టం పెరిగేకొద్దీ ఎదురు ఒత్తిడి పెరిగి, వచ్చే నీరు తేటబడుతుంది. తేటబడ్డ ఎత్తులో ఆపి, ఒక పక్క నీరు పోవడానికి దారి వదలాలి. పూర్తిగా ఆపేద్దామని ఇంకా ఎత్తు కడితే మళ్లీ మొదటికొస్తుంది.

అదే సమయంలో ఏటి వైపు చిన్న సుడి ఎక్కడ తిరుగుతోందో వెతికి, టార్పాలిన్ దించి బస్తాలతో అదమాలి. గట్టు జారుతున్న చోట సర్వి బాదులు పాతి తాటాకు తడికలు అడ్డం పెడతారు. రాత్రిపూట, వానలో, టార్చి వెలుగులో నీటి రంగు తేల్చుకోవడం కంటే ఉత్కంఠ ఏం కావాలండి? మీ లెక్చరరు గ్లాసుతో నీళ్లు ముంచి, అడుగున ఎంత మట్టి దిగుతుందో చూస్తే చాలు, డైలాగు కూడా అక్కర్లేదు.

రిగ్_నైట్‌షిఫ్ట్:

బ్లోఅవుట్‌లో మంట ఆర్పడం మొదటి పని కాదు. గ్యాస్ ఆగకుండా మంట ఆరిపోతే కాలని గ్యాస్ ఊరి మీదకి పాకుతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పు తగలగానే భగ్గుమంటుంది. అందుకే బావి నోరు మూసే క్యాపింగ్ సామాను సిద్ధమయ్యేదాకా చాలాసార్లు మండనిస్తారు. పాశర్లపూడిలో 1995 జనవరిలో అంటుకున్న మంట అదుపులోకి రావడానికి 65 రోజులు పట్టింది. మీరేమో తెల్లారేలోగా అంటున్నారు.

అసలు కథ మంటకి ముందుంది. బావిలో గ్యాస్‌ని అదిమి పెట్టేది మడ్ బరువే, అంటే తవ్వేటప్పుడు బావి నిండా ఉంచే చిక్కటి బురద ద్రవం. 3,000 మీటర్ల లోతులో 1.2 సాంద్రత ఉన్న మడ్ చదరపు సెంటీమీటరుకి సుమారు 360 కిలోల ఒత్తిడి ఇస్తుంది. అడుగున గ్యాస్ 380 దగ్గరుంటే అది లోపలికి వస్తుంది, దాన్ని కిక్ అంటారు. సాంద్రతని 1.3కి తెస్తే ఒత్తిడి 390 అవుతుంది, గ్యాస్ ఆగుతుంది. బరువు పెంచడానికి కలిపేది బెరైట్, అంటే మన మంగంపేట ముగ్గురాయే.

కిక్ ముందే ఆనవాళ్లు చూపిస్తుంది. మడ్ ట్యాంకు మట్టం మెల్లగా పెరుగుతుంది. పంపు ఆపినా బావిలోంచి మడ్ పొర్లుతూనే ఉంటుంది. ఎక్కువగా పైపులు పైకి తీసేటప్పుడే వస్తుంది. వేగంగా లాగితే సిరంజిలా పీల్చుకుంటుంది, లాగిన పైపు జాగాలో మడ్ నింపకపోతే మట్టం పడిపోయి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు డ్రిల్లరు ఎవరినీ అడగక్కర్లేదు, బావి నోటి దగ్గరుండే పెద్ద వాల్వుల వరస, బ్లోఅవుట్ ప్రివెంటర్ మూసేయాలి. 30 సెకన్లలోపు మూసుకోవాలి. కరెంటు పోయినా అక్యుమ్యులేటర్ సీసాల్లో దాచిన ఒత్తిడితో పనిచేస్తుంది.

ఆ 30 సెకన్లని రెండు నిమిషాల సీనుగా సాగదీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. విలన్ ఆ సీసాల వాల్వు ముందే కట్టేసి ఉంచాడని పెట్టండి, సీనుకి కావలసిన గండం అందులోనే ఉంది. ఒక మాట మాత్రం. 2014 జూన్ 27న కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి జనం పోయారు. ఆ మంటల్ని పోలిన షాట్లు అలంకారానికి వాడకండి.

రెండో_డ్రాఫ్ట్:

పైవాళ్లు చెప్పింది నిజమే, కానీ సీరియల్ పాఠ్యపుస్తకం కాదు. 65 రోజులు తెర మీద ఎవరు చూస్తారు? టైము కుదించడం మన హక్కు. కట్ కొడితే వారం గడిచిపోతుంది, దాన్ని ఎవరూ అబద్ధం అనరు. వస్తువు గుణం మార్చినప్పుడే పట్టు పోతుంది. నీరు పైకి పారితే, గ్యాస్ చెప్పినట్టు వింటే, ఇక హీరోయిన్ తెలివికి విలువేముంది? ఏదైనా జరగొచ్చంటే ఏం జరిగినా ఒకటే.

అమెరికా సీరియల్ 'మెక్‌గైవర్' 1985 నుంచి 1992 దాకా ఈ పద్ధతిలోనే నడిచింది. మొదటి ఎపిసోడ్‌లో సల్ఫ్యూరిక్ ఆమ్లం కారుతుంటే చాక్లెట్‌తో ఆపుతాడు. వినడానికి హాస్యం, కానీ ఆ ఆమ్లం చక్కెరలోంచి నీటిని లాగేసి బొగ్గు ముద్ద మిగులుస్తుంది, అది చిల్లుకి అడ్డం పడుతుంది. పేలుడు పదార్థాల దగ్గర మాత్రం పిల్లలు చేసి చూడకుండా ఒక దినుసో ఒక మెట్టో కావాలనే వదిలేసేవారు. మీరూ అదే చేయండి. బస్తాల సీను పూర్తిగా చూపించండి, బాంబు సీను సగమే చూపించండి. ఏటిగట్టు గారితో ఒక్కచోట తేడా: గేటు తెరిస్తే నీరొస్తుందని హైదరాబాదు ప్రేక్షకుడు నమ్ముతాడు. అయినా ఆ సీను తీసేయమనే అంటాను, గట్టు సీను దానికంటే బాగుంది కాబట్టి.

క్యాజువాలిటీ_సిస్టర్:

పాము సీను గురించి బతిమాలి చెబుతున్నాను, టీవీలో చూసింది జనం చేస్తారు. నోటితో లాగడం, కోయడం, గుడ్డతో బిగించి కట్టడం మూడూ వద్దు. పాముని పట్టుకునే పనే లేదు. మన దగ్గర ఇచ్చే విషవిరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి ఒకటే.

చేయాల్సింది: పిల్లాడిని నడవనివ్వకూడదు. కరిచిన కాలికి బద్ద కట్టి కదలకుండా చూడాలి. వాపు వచ్చేలోపే ఉంగరాలు, మొలతాడు, పట్టీలు తీసేయాలి. పడవలో పక్కకి తిప్పి పడుకోబెట్టాలి.

మీకు గడియారం కావాలంటే వైద్యంలోనే ఉంది. రక్తపింజరి అనుమానం ఉంటే 2 మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత ఒక్కసారి వంచుతారు. గడ్డకట్టకుండా జారిందా, విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ గొట్టం వాడినా, సబ్బుతో కడిగింది వాడినా ఫలితం తప్పొస్తుంది. విషవిరుగుడు మందు మామూలుగా 10 వయల్స్‌తో (చిన్న సీసాలతో) మొదలుపెడతారు. పిల్లాడైనా పెద్దవాళ్ల మోతాదే, ఎందుకంటే పాము పిల్లాడని విషం తగ్గించదు. మందు పడక ఒళ్లు దద్దుర్లెక్కి బీపీ పడిపోవచ్చు, అందుకని అడ్రినలిన్ సిరంజిలోకి తీసి పక్కనే ఉంచుకుంటారు.

కట్లపామైతే ఇంకో రకం భయం. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి తెలీదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. ముందు కడుపునొప్పి, తర్వాత కనురెప్పలు వాలడం, ఆ తర్వాత ఊపిరి. దారిలో ఊపిరి ఆగితే చేత్తో గాలి అందించే ఆంబూ బ్యాగు నొక్కుతూ రేవు చేరాలి. పునరావాస కేంద్రంలో పిల్లాడు "కడుపునొప్పి" అన్నప్పుడు అందరూ తిండి తేడా అనుకోవడం, లెక్చరరు ఒక్కతే రెప్పల వంక చూడటం. ఇలా రాసి చూడండి.

స్క్రిప్టు_గది:

ఆయ్, ఇంత వస్తుందనుకోలేదు. గట్టు సీను, గాజు గొట్టం సీను ఖాయం. తూటికాడ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, కోరంగి మడ అడవిలో పడవల ఛేజు పెట్టొచ్చా?

ఏటిగట్టు:

తూటికాడ తీసేయండి. మీటరు లోతులోనే చదరపు సెంటీమీటరుకి 100 గ్రాముల ఒత్తిడి అదనంగా పడుతుంది. ఛాతీ ముందు భాగం వెయ్యి చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 100 కిలోలు మోస్తూ ఊపిరి పీల్చాలి. రెండు మీటర్లలో కండరాలు లేవవు. పైగా తూటికాడ రంధ్రం సన్నం, గాలి చాలదు. జానెడు లోతులో, గుర్రపుడెక్క కింద, ముక్కు మాత్రం పైకి పెట్టి దాక్కోనివ్వండి.

ఛేజు పెట్టొచ్చు, పోటు చూసుకుని. పోటు మీద పడవ దూరిన పాయలో ఆరు గంటల తర్వాత ఆటుకి మోకాలి లోతు బురద మిగులుతుంది, మడ చెట్ల శ్వాస వేళ్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి. ఇంజను పడవ పంకా వాటికి తగిలితే పిన్ను విరుగుతుంది, తెడ్డు వేసే నావ జారిపోతుంది. పోటు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది, అమావాస్య పౌర్ణములకి ఎక్కువ ఎత్తు లేస్తుంది. షూటింగు తేదీలు వేసేముందు కాకినాడ పోటు పట్టిక తెప్పించుకోండి. లేకపోతే ఉదయం తీసిన షాట్లో నీరు, మధ్యాహ్నం తీసిన షాట్లో బురద వచ్చి ఎడిటరు తల పట్టుకుంటాడు.