నలభై మందికి ఇంట్లోనే సలాడ్లు: నీరు కారకుండా, చూడగానే తినాలనిపించేలా ఎలా?

ఉప్పుకారం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మే నెలలో మా పాప మొదటి పుట్టినరోజు. మధ్యాహ్నం భోజనాలు, మేడ మీద షామియానా కింద, నలభై మంది దాకా వస్తారు. అన్నం, కూరలు, బిర్యానీ వంటవాళ్లు చూసుకుంటారు కానీ సలాడ్లు మాత్రం నేనూ మా చెల్లీ ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం. ఈ మధ్య ఏ ఫంక్షన్‌కి వెళ్లినా సలాడ్ల దగ్గర ఒకటే వరస, గుండ్రంగా కోసిన కీర, క్యారెట్, ఉల్లిపాయ, ఎండిపోయిన నిమ్మచెక్కలు, పక్కన అడుగున నీళ్లు తేలిన మాకరోనీ మయోనైజ్. జనం దాన్ని దాటుకుని నేరుగా బిర్యానీ దగ్గరికి వెళ్లిపోతారు. కూరగాయలు ఎంత బాగున్నా ఇలా పెడితే ఎవరు తింటారు చెప్పండి.

నా సమస్యలు చెప్తాను. కోసి ఉప్పు, నిమ్మరసం కలిపిన అరగంటకే గిన్నె నిండా నీళ్లు. నూనె, నిమ్మరసం కలిపి డ్రెస్సింగ్ చేస్తే కాసేపటికే నూనె పైకి తేలిపోతుంది. మా అత్తగారి వైపు పెద్దవాళ్లు గుడ్డు తినరు, ఇద్దరు ముగ్గురు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. పైగా నెల్లూరు ఎండ సంగతి మీకు తెలుసు. నాలుగు రకాలు చేయాలనుంది, అందులో ఒకటి ఫ్రూట్ సలాడ్. ఏవి ముందు రోజు చేసుకోవచ్చు, ఏవి అప్పటికప్పుడు కలపాలి, ఎలా సర్దితే బాగుంటుంది? చేసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్.

చల్లని వంటగది (హైదరాబాద్)

నేను హోటల్లో కోల్డ్ కిచెన్‌లో పనిచేస్తానండి, సలాడ్లే నా పని, అందుకని కొంచెం పెద్దగానే రాస్తున్నా.

ముందు నీళ్ల సంగతి. ఉప్పు తగిలితే కూరగాయ లోపలి నీరు బయటికి వస్తుంది, దాన్ని ఆపలేం, కాబట్టి ఆ నీరు గిన్నెలోకి రాకముందే తీసేయాలి. కీరని నిలువుగా చీల్చి, మధ్యలో గింజల భాగాన్ని స్పూన్‌తో గీకేసి, ముక్కలు కోసి, కొద్దిగా ఉప్పు చల్లి చిల్లుల గిన్నెలో ఇరవై నిమిషాలు వదిలేయండి, కారిన నీరు పారబోసి పొడి గుడ్డతో అద్దండి. టమాటాకి కూడా లోపలి గుజ్జు, గింజలు తీసేసి కండ మాత్రమే వాడండి (ఆ గుజ్జు రసంలోకి పనికొస్తుంది). క్యాబేజీ అయితే సన్నగా తరిగి, అరకిలోకి ఒక టీస్పూన్ ఉప్పు పట్టించి అరగంట తర్వాత గట్టిగా పిండేయండి, ఆ తర్వాత అది అంతగా నీరు వదలదు. ఈ ఉప్పు ఎలాగూ ముక్కకి పట్టి ఉంటుంది కాబట్టి డ్రెస్సింగ్‌లో తగ్గించుకోండి, చాలామంది ఇక్కడే మర్చిపోయి ఉప్పు కషాయంలా చేస్తారు.

డ్రెస్సింగ్‌కి మేం నేర్చుకున్న లెక్క మూడు వంతుల నూనెకి ఒక వంతు పులుపు. కానీ మనవాళ్లకి పులుపు ఇష్టం, రెండు వంతుల నూనె చాలు. వరస ముఖ్యం. ఉప్పు, పంచదార నూనెలో కరగవు, అందుకని ముందు నిమ్మరసంలో వేసి పూర్తిగా కరగనివ్వాలి, తర్వాత కప్పు డ్రెస్సింగ్‌కి ఒక టీస్పూన్ ఆవపిండి, కొద్దిగా తేనె, ఆ తర్వాత నూనెని సన్నని ధారగా పోస్తూ గిలక్కొట్టాలి. ఆవగింజ పొట్టులో జిగురు ఉంటుంది, అది నూనెనీ పులుపునీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. ఆవపిండి ఘాటు ఎక్కుతుందని భయపడకండి, నీళ్లలో తడిపి ఉంచితే ఘాటెక్కుతుంది కానీ నేరుగా నిమ్మరసంలో కలిపితే అంతగా రాదు. ఇంత చేసినా గంట రెండు గంటల్లో కొంచెం విడిపోతుంది, అది తప్పు కాదు, మూత ఉన్న సీసాలో పోసి పెట్టుకుని వడ్డించే ముందు బాగా కుదిపితే మళ్లీ కలుస్తుంది.

ఏది ముందు, ఏది తర్వాత అంటే, ఉడికించినవన్నీ ముందు చేసుకోవచ్చు. శనగలు, రాజ్మా, అలసందలు, బంగాళాదుంప ఇవన్నీ వేడి మీదే డ్రెస్సింగ్ పీల్చుకుంటాయి, ముందు రోజు రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి ఇంకా రుచి వస్తాయి. పచ్చివి, ఆకులు మాత్రం జనం వచ్చి కూర్చున్నాకే కలపాలి. నూనె ఆకు మీద ఉండే మైనపు పొరలోంచి లోపలికి దిగి ఆకుని మెత్తబరుస్తుంది. తడి ఆకుకి డ్రెస్సింగ్ అంటుకోదు కూడా, జారి కిందికి పోతుంది. అయినా మే నెలలో లెట్యూస్ జోలికి వెళ్లకండి, క్యాబేజీ, పుదీనా, కొత్తిమీర కాడలతో కావలసినంత పచ్చదనం వస్తుంది.

సర్దడం గురించి: లోతు గిన్నెలు వద్దు. వెడల్పాటి పళ్లేలు, తాంబాళాలు తీసుకోండి, పలచగా పరవండి, ప్రతి ముక్కా కనిపించాలి. ఒక సలాడ్‌లో ముక్కలన్నీ ఒకే సైజులో ఉండాలి, శనగల సలాడ్ అయితే కీర, టమాటా కూడా శనగ గింజంత కోయండి, అప్పుడు స్పూన్‌లోకి అన్నీ కలిసి వస్తాయి. బీట్‌రూట్ ఉడికించి కోయగానే ముందు కాస్త నూనె పట్టించండి, రంగు బయటికి రావడం తగ్గుతుంది, అయినా దాన్ని వేరే పళ్లెంలోనే ఉంచడం మంచిది. క్యారెట్ పూలు, టమాటా గులాబీలు చెక్కడానికి పెట్టే టైమ్ ముక్కలు సమంగా కోయడానికి పెట్టండి. పైన చల్లేది ఏదైనా తినేదై ఉండాలి, వేయించిన పల్లీలు, దానిమ్మ గింజలు, కొత్తిమీర ఇలా. అదీ చివరి నిమిషంలోనే, లేకపోతే పల్లీలు మెత్తబడిపోతాయి.

గోదారి గట్టు

అమ్మాయ్, పెద్దవాళ్లు వస్తున్నారంటున్నావు, వాళ్ల కోసం కొత్తగా ఏదీ వెతకక్కర్లేదు. శ్రీరామనవమికి చేసే వడపప్పు ఉందిగా, దాన్నే కొంచెం పెంచు. పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి, నీళ్లు పూర్తిగా వార్చి, కీర ముక్కలు, పచ్చిమామిడి కోరు, కొబ్బరి కోరు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, కొత్తిమీర. మామిడే పులుపు కాబట్టి నిమ్మకాయ అక్కర్లేదు. పైన ఆవాలు, ఇంగువ, కరివేపాకు తిరగమాత. కన్నడం వాళ్లు దీన్నే కోసంబరి అంటారు, వాళ్ల పెళ్లిళ్లలో ఆకులో తప్పకుండా ఉంటుంది. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, గుడ్డు లేదు, ఎవరికీ అభ్యంతరం ఉండదు. నా లెక్కలో తిరగమాత వేసిన నూనే మన డ్రెస్సింగ్. కాకపోతే చల్లారనిచ్చి వెయ్యి, వేడిది పోస్తే కీర వాడిపోతుంది. ఉప్పు ఆఖర్న కలుపు.

పళ్ల దగ్గర ఒక మాట. పాలు, కస్టర్డ్ పోసే ఫ్రూట్ సలాడ్‌లో ఉడికించని అనాస, బొప్పాయి, కివీ వెయ్యకు. వాటిలో ఉండే రసాలు పాలని విరిచేస్తాయి, కాసేపటికి చేదు కూడా వస్తుంది. అనాస వెయ్యాలనిపిస్తే పంచదార పాకంలో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వెయ్యి. అరటిపండు, యాపిల్ కోయగానే నిమ్మరసం పట్టిస్తే నల్లబడవు. అసలు నన్నడిగితే మే నెలలో యాపిల్ ఎందుకమ్మా, బంగినపల్లి ఉంది, తాటిముంజలు ఉన్నాయి. లేత ముంజలు తొక్క తీసి ముక్కలు చేసి, మామిడి ముక్కలు, చిటికెడు ఉప్పు, నిమ్మరసం, పుదీనా ఆకులు, అంతే. పాలు లేవు కాబట్టి విరగడం అన్న టెన్షన్ లేదు. ముంజలు మాత్రం ముందుగా కోసి పెట్టొద్దు, నీరంతా కారిపోయి తోలులా అవుతాయి.

డల్లాస్ డబ్బా

పెద్దమ్మ చెప్పిన వడపప్పుకి నా ఓటు కూడా. ఇక్కడ మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లలో (తలా ఒక వంటకం తెచ్చే విందుల్లో) ముందు ఖాళీ అయ్యేది అదే, పిల్లలు కూడా తింటారు.

నేను ఇంకో రెండు చెప్తాను. ఒకటి గ్రీకు పద్ధతి. గ్రీస్‌లో పల్లెటూరి సలాడ్‌లో అసలు ఆకులే ఉండవు, టమాటా, కీర, ఉల్లి, ఆలివ్‌లు పెద్ద పెద్ద ముక్కలుగా పేర్చి, పైన ఫెటా చీజ్ పలక పెట్టి, నూనె, ఒరెగానో పైనుంచి వేసి వదిలేస్తారు. ముక్క పెద్దదైతే కోసిన అంచులు తక్కువ, కాబట్టి నీరు కూడా తక్కువ. మీరు ఫెటా బదులు ఉప్పు, మిరియాలు పట్టించిన పనీర్ పెట్టొచ్చు. ఉల్లి తిననివాళ్లున్నారు కాబట్టి ఉల్లి చక్రాలు చల్లని నీళ్లలో పది నిమిషాలు ఉంచి, వార్చి, నిమ్మరసంలో వేసి వేరే గిన్నెలో పెట్టండి. ఘాటు తగ్గుతుంది, ఎర్ర ఉల్లి మంచి గులాబీ రంగుకి వస్తుంది, కావలసినవాళ్లు వేసుకుంటారు.

రెండోది చిక్కటి పెరుగు డ్రెస్సింగ్. గుడ్డు లేదు, మయోనైజ్ లేదు. పెరుగుని పల్చని గుడ్డలో మూట కట్టి రాత్రంతా ఫ్రిజ్‌లోనే వేలాడదీయండి, బయట పెడితే ఆ ఎండలకి పులిసిపోతుంది. పొద్దున దాంట్లో వేయించిన జీలకర్ర పొడి, మిరియాలు, పుదీనా ముద్ద, రెండు స్పూన్ల నూనె వేసి గిలక్కొట్టండి. పిండేసిన క్యాబేజీకి, ఉడికించిన మొక్కజొన్నకి ఇది చాలా బాగా పడుతుంది.

నూనె విషయంలో ఆలివ్ ఆయిలే ఉండాలని చాలా చోట్ల రాస్తారు, నేనైతే ఒప్పుకోను. గ్రీకు సలాడ్‌కి అది కావాలి, నిజమే. కానీ శనగలు, క్యాబేజీ, వడపప్పు వీటికి గానుగ వేరుశనగ నూనె ఇచ్చే వాసన ఆలివ్ నూనె ఇవ్వదు. నువ్వుల నూనె ఘాటు కాబట్టి వేరుశనగ నూనెలో నాలుగో వంతు కలపండి చాలు.

ఉప్పుకారం (నెల్లూరు)

అందరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. వడపప్పు, ముంజలు మామిడి, శనగల సలాడ్, పెరుగు క్యాబేజీ, ఈ నాలుగు దాదాపు ఖాయం. మా మరిది మాత్రం రష్యన్ సలాడ్ ఉండాల్సిందే అంటున్నాడు. బయట కొన్న మయోనైజ్‌తో చేసి మేడ మీద పెట్టొచ్చా? ఇంకా మొలకలు కూడా కలపనా, చూడ్డానికి బాగుంటాయి కదా?

చల్లని వంటగది (హైదరాబాద్)

రష్యన్ సలాడ్ అనేది 1860ల్లో మాస్కోలో ఒలీవియే అనే షెఫ్ తన హెర్మిటేజ్ రెస్టారెంట్‌లో పెట్టిన వంటకం నుంచి వచ్చిందండి. ఆయన చేసినదానిలో ఖరీదైన మాంసాలు ఉండేవి, మనదాకా వచ్చేసరికి బంగాళాదుంప, క్యారెట్, బీన్స్, బఠాణీ మిగిలాయి. రుచిగానే ఉంటుంది, కానీ మే నెల మధ్యాహ్నం మేడ మీద పెట్టాల్సింది కాదు. పచ్చి గుడ్డు మయోనైజ్ అసలు వద్దు. 2024 అక్టోబర్‌లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని ఏడాదిపాటు నిషేధించింది కూడా, కలుషితాహారం కేసులు వచ్చాక. సీసాలో దొరికే గుడ్డు లేని మయోనైజ్ కొంత నయం, అయినా ఉడికిన దుంపతో కలిశాక ఎండలో నిలవదు. మీ మరిది కోసం అవే కూరగాయలు పైన డల్లాస్ వారు చెప్పిన పెరుగు డ్రెస్సింగ్‌లో కలిపి, చిన్న గిన్నెతో కొంచెం కొంచెంగా పైకి పంపండి, మిగతాది ఫ్రిజ్‌లో ఉంచండి.

లెక్క ఇది. చల్లగా ఉండాల్సిన తిండి మామూలు గదిలో రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటితే ఒక్క గంటే. మీ దగ్గర మే నెలలో 40 దాటుతుంది. అందుకని ఒక పెద్ద ట్రేలో ఐసు గడ్డలు పరిచి దాని మీద పళ్లెం పెట్టండి, ఒకేసారి అంతా పెట్టకుండా పది మందికి సరిపడా పెట్టి, అయిపోగానే కొత్త పళ్లెం మార్చండి. పాతదాని మీద కొత్తది పోయొద్దు. ఇలా మారుస్తుంటే చివర వచ్చినవాళ్లకి కూడా పళ్లెం నిండుగా, తాజాగా కనిపిస్తుంది.

మొలకలు పచ్చివి వద్దు. వెచ్చగా, తడిగా ఉన్నచోట మొలకెత్తుతాయి కదా, క్రిములు పెరగడానికీ అదే అనుకూలం, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు, గర్భిణులు ఉన్న చోట ఆవిరి మీద ఐదారు నిమిషాలు బాగా ఉడికించి, చల్లార్చి శనగల్లో కలపండి, రంగు ఏమీ పోదు.

డల్లాస్ డబ్బా

ఇంకో సంగతి, ఎవరో ఒకరు అక్కడే నిలబడి కలిపి ఇవ్వగలిగితే చాలా తేడా ఉంటుంది. సీజర్ సలాడ్ అంత పేరు తెచ్చుకున్నదే అలా, 1924లో మెక్సికోలో టిహ్వానా ఊళ్లో సీజర్ కార్డినీ రెస్టారెంట్‌లో టేబుల్ దగ్గరే కలిపి పెట్టడంతో మొదలైంది. మీ చెల్లెల్ని శనగల సలాడ్ దగ్గర నిలబెట్టండి, ఒక పెద్ద గిన్నెలో నలుగురికి సరిపడా ముక్కలు వేసి, సీసా కుదిపి, మనిషికి ఒక టేబుల్ స్పూన్ లెక్కన డ్రెస్సింగ్ పోసి, కలిపి చిన్న కప్పుల్లో పెట్టి చేతికిస్తే ఎవరూ వద్దనరు. మాకిక్కడ టేబుల్ మీద వదిలేసినప్పుడు సగం మిగిలేది, చేతికిచ్చినప్పుడు రెండోసారి అడుగుతారు.

గోదారి గట్టు

ఆకుల్లో వడ్డిస్తే ఇంకా సుఖం, వడపప్పు ముందే ఒక గరిటె ఆకు మీద పడిపోతుంది. పెద్దవాళ్లకి అలా చెయ్యి, కుర్రాళ్లకి ఆ కప్పులు.

ఉప్పుకారం (నెల్లూరు)

పెద్దవాళ్లకి కింద హాల్లో ఆకుల్లోనే వడ్డిస్తున్నాం పెద్దమ్మా, సరిగ్గా సరిపోతుంది. చివరగా ఒకటే సందేహం, నలభై మందికి ఎంత కొనాలి?

చల్లని వంటగది (హైదరాబాద్)

నాలుగూ కలిపి మనిషికి 100 గ్రాములు వేసుకోండి, అంటే మొత్తం 4 కిలోలు, బిర్యానీ ఉన్న భోజనంలో అంతకన్నా తినరు. శనగలు 400 గ్రాములు నానబెడితే ఉడికాక కిలోకి దగ్గరగా అవుతాయి. కీర మాత్రం అరకిలో ఎక్కువ కొనండి, గింజలు తీసి నీరు పిండాక చాలా తగ్గిపోతుంది, పైగా కోసే ముందు ప్రతి కాయా చివర ముక్క రుచి చూడాలి, చేదుది ఒక్కటి కలిసినా పళ్లెమంతా పాడవుతుంది.