ఉనుక బాయిలర్‌లో బొగ్గు కాల్చొచ్చా? పేపర్ మిల్లు లెక్క

ప్రశ్న: అన్నలకు నమస్తే. వరంగల్ దగ్గర చిన్న పేపర్ మిల్లులో పని చేస్తున్నా. పాత అట్టపెట్టెల నుంచి క్రాఫ్ట్ పేపర్ (అట్టపెట్టెలకు వాడే గోధుమరంగు గట్టి కాగితం) తీస్తాం. బాయిలర్‌కి ఇన్నాళ్లూ ఉనుకే. బాయిల్డ్ రైస్ మిల్లులు జోరు మీదుంటే ఉనుక వాళ్లే కాల్చుకుంటరు, మాకు లోడు దొరకదు, దొరికినా రేటు మండిపోతుంది. భూపాలపల్లి బొగ్గు తెప్పిద్దామని ఓనర్ అంటున్నడు. లెక్క నన్నే వేయమన్నడు, టెన్షన్‌గా ఉంది. కాగజ్‌నగర్ పేపర్ మిల్లులో బొగ్గు వాడుతున్నరు కదా?

జవాబు: తమ్మీ, కాగజ్‌నగర్‌తో పోల్చకు. అక్కడ కర్ర ఉడికించి గుజ్జు తీస్తరు. మిగిలిన నల్ల ద్రవాన్ని, బ్లాక్ లిక్కర్ అంటం, చిక్కగా చేసి రికవరీ బాయిలర్‌లో కాలిస్తే ఆవిరీ వస్తది, కర్ర ఉడికించే సోడా కూడా తిరిగి చేతికొస్తది. బొగ్గు మిగతా అవసరానికే. అట్టపెట్టెల మిల్లుకు ఆ అదృష్టం లేదు, ప్రతి కిలో ఆవిరికీ ఇంధనం కొనాల్సిందే.

టన్ను రేటు చూసి మోసపోవద్దు. బొగ్గుకు అది ఇచ్చే వేడిని బట్టి గ్రేడు పెడతరు; జీ11 గ్రేడంటే కిలోకు 4001 నుంచి 4300 కిలోకేలరీలు. ఎండిన ఉనుక 3000 పైచిలుకు. లారీ కిరాయి కలుపుకొని, గేటు దగ్గర వెయ్యి కిలోకేలరీలకు ఎంత పడుతుందో రెండింటికీ లెక్క కట్టు. గ్రేడు అంకెలో వాన నీళ్ల లెక్క ఉండదు, కాంటా మీద మాత్రం ఆ నీళ్ల బరువు కూడా తూగుతది.

ఇంకొకరు: లెక్క సరే, మీ బాయిలర్ ఉనుకకే కట్టిందైతే బొగ్గు పోసి చూద్దామనుకోవద్దు. బొగ్గును నలగ్గొట్టి జల్లెడ పట్టాలి, ఫీడింగ్ మారుతుంది, బూడిద తీసే పద్ధతీ మారుతుంది. బాయిలర్ చేసిన కంపెనీని రాతపూర్వకంగా అడగండి. పొల్యూషన్ బోర్డు అనుమతి పత్రంలో ఇంధనం పేరు రాసి ఉంటుంది, అది మార్పించకుండా మొదలుపెడితే నోటీసు ఖాయం.

ప్రశ్న అడిగినవారు: థ్యాంక్స్ అన్నా. మరి ఉనుకతోనే ఖర్చు తగ్గించే దారి ఉందా?

మొదటి జవాబిచ్చినవారు: ఉంది, ఓనర్లు చివర్ల చూసేది అదే. తడి కాగితాన్ని రోలర్ల మధ్య పిండే ప్రెస్ దాటి, ఆవిరితో ఆరబెట్టే డ్రయర్‌లోకి పోయే కాగితం ఎంత తడిగా ఉందో కొలిచినవా? పొడి శాతం 40 ఉంటే, కిలో పొడి గుజ్జు వెంట కిలోన్నర నీళ్లు. 45కు తెస్తే 1.22 కిలోలే. డ్రయర్ ఎగరగొట్టాల్సిన నీళ్లలో దాదాపు ఐదో వంతు తగ్గినట్టే. ఫెల్ట్ (ప్రెస్‌లో నీళ్లు పీల్చే మందపాటి గుడ్డ) పాతబడితే, ప్రెస్ రోల్ అరిగితే ఈ శాతం పడిపోతుంది. తర్వాత స్టీమ్ ట్రాప్‌లు (ఆవిరిని ఆపి నీళ్లను మాత్రమే వదిలే వాల్వులు) చూడు, కండెన్సేట్, అంటే ఆవిరి చల్లబడి మారిన వేడి నీళ్లు డ్రెయిన్‌కి పోకుండా బాయిలర్ ఫీడ్ ట్యాంకుకే తిప్పు.

ఇంకొకరు: ఒకవేళ బొగ్గే తెచ్చారనుకోండి, నెలలకు నెలలు కుప్పగా వదలొద్దు. లోపల దానంతటదే వేడెక్కి పొగ లేస్తుంది. పాత సరుకు ముందు వాడాలి, కుప్పను పొరలుపొరలుగా తొక్కించాలి. పొగ కనిపిస్తే పైన నాలుగు బకెట్లు చల్లి ఊరుకోకండి. ఆ భాగం తవ్వి, పక్కన పలుచగా పరిచి, పూర్తిగా చల్లారాకే వాడండి.